తాలుగింజ పక్కకెందుకు పోతుంది, గుడ్డెందుకు పగులుతుంది?

ప్రశ్న:

మాష్టారు గారికి నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. వరి వేస్తాను. మా పాప తొమ్మిదో తరగతి. మొన్న సైన్సు పాఠం పైకి చదువుతూ, బరువైన వస్తువైనా తేలికైన వస్తువైనా ఒకే వేగంతో కింద పడతాయి అంది. అదెట్టా కుదురుద్దమ్మా అన్నాను నేను. మిషన్లు రాకముందు కళ్ళంలో చేట పట్టుకుని తూర్పారబట్టినవాణ్ణి. గట్టి గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది, తాలు పోయి దూరంగా పడుతుంది. రెండూ ఒకటే అయితే ఇక తూర్పారబట్టేది దేనికి? పాప వెంటనే నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చించి, ఒకదాన్ని ఉండ చుట్టి, రెండోదాన్ని అట్టాగే ఉంచి మేడ మీంచి వదిలింది. ఉండ ముందు పడింది. "రెండిటి బరువూ ఒకటే కద నాన్నా, అంతా బరువు మీదే ఉంటే ఇట్టా ఎందుకు పడింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఓడినవాళ్ళు నెల్లూరు నుంచి మలై కాజా తేవాలని పందెం వేసుకున్నాం.

ఇంకో సంగతి. వాళ్ళ బడిలో సైన్సు ఫెయిర్‌కు ఒక పోటీ పెట్టారు. కోడిగుడ్డును పేపర్ గ్లాసులో పెట్టి, పారాచూట్ కట్టి, రెండో అంతస్తు నుంచి వదలాలి. గుడ్డు పగలకూడదు. గ్లాసులో దూది, గడ్డి లాంటివి పెట్టకూడదట. పాప అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ ముక్కకు నాలుగు మూలలా జానెడు దారాలు కట్టి వదిలింది. అది అటూ ఇటూ ఊగుతా వచ్చి నేలకు తగిలింది, గుడ్డు పగిలిపోయింది. రోజూ ఒక గుడ్డు పోతోంది, పాపకు టెన్షన్ ఎక్కువైంది. ఏ ఆకారం పెట్టాలో, ఎంత సైజు పెట్టాలో చెప్పగలరా?

ఒక రైతు, నెల్లూరు జిల్లా

సమాధానం:

ముందు పందెం సంగతి తేల్చేద్దాం. మీరూ ఓడలేదు, పాపా ఓడలేదు. కాజా ఖర్చు చెరి సగం పెట్టుకోండి. మీరు కళ్ళంలో చూసింది ఒక ప్రశ్నకు జవాబు. పాప మేడ మీంచి చూపించింది ఇంకో ప్రశ్నకు జవాబు. పుస్తకంలో ఉన్నది మూడో ప్రశ్నకు. మూడింటినీ ఒకే ప్రశ్న అనుకోవడంతో వచ్చిన తగాదా ఇది.

పుస్తకంలో ఆ వాక్యానికి ముందో వెనకో "గాలి నిరోధం లేనప్పుడు" అనే మాట ఉంటుంది. పరీక్షకు బట్టీ పట్టేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ మాటే. గైడుల్లో అయితే అసలు అచ్చే వేయరు. గాలి లేని చోట బరువుతో పని లేదన్నది నిజమే. రాయిని భూమి ఎక్కువగా లాగుతుంది, కానీ కదిలించాల్సిన సరుకూ రాయిలో అంతే ఎక్కువ. ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు. కాబట్టి రాయైనా ఈకైనా ప్రతి సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటుంది. 1971 ఆగస్టు 2న అపోలో 15లో వెళ్ళిన డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి, ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. సుత్తి కిలో పైన, ఈక 30 గ్రాములు. రెండూ కలిసే పడ్డాయి. ఆ వీడియో పాపకు చూపించండి, నిమిషం కూడా పట్టదు.

మనం ఉండేది చంద్రుడి మీద కాదు కదా. గాలి అంటే ఏమీ లేని ఖాళీ అని మనకొక భ్రమ. మన ఊళ్ళో ఒక ఘనపు మీటరు గాలి, అంటే మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెడు గాలి, దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. కింద పడే వస్తువు దారిలో ఉన్న ఈ గాలినంతా పక్కకు తోసుకుంటూ రావాలి. తిరిగి గాలి దాన్ని పైకి తోస్తుంది. వేగం రెండింతలైతే ఆ తోపు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. వేగం పెరిగే కొద్దీ తోపు ఇలా పెరిగి పెరిగి ఒకచోట వస్తువు బరువుతో సమానమవుతుంది. అక్కడి నుంచి వేగం ఇక పెరగదు. దీన్ని నిలకడ వేగం అందాం.

ఈ నిలకడ వేగమే లేకపోతే నవంబరులో మన జిల్లాలో బయట తిరగలేం. రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే చినుకు గాలి అడ్డం లేకుండా వస్తే నేలను తాకేసరికి గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. రెండు మిల్లీమీటర్ల చినుకు నిజానికి వచ్చేది సెకనుకు ఆరేడు మీటర్లతో, గంటకు పాతిక కిలోమీటర్ల లోపే. తుంపరైతే ఇంకా నెమ్మది. అన్నట్టు, బొమ్మల్లో వేసినట్టు చినుకుకు పైన మొన ఉండదు. చిన్న చినుకు గుండ్రంగా ఉంటుంది. పెద్దదైతే గాలి తోపుకు అడుగు చదునై బన్ను ముక్కలా అవుతుంది. ఇంకా పెద్దదైతే విడిపోతుంది.

ఇప్పుడు మీ కళ్ళం దగ్గరకొద్దాం. మీ పనిలో ఎంత మంచి ప్రయోగం ఉందో మీరు గమనించి ఉండరు. తాలుగింజనూ గట్టిగింజనూ పక్కపక్కన పెట్టి చూడండి. బయటి పొట్టు ఒకటే, పొడవు ఒకటే, ఆకారం ఒకటే. తేడా లోపల బియ్యం ఉందా లేదా అన్నదే. అంటే ఆకారం ఒకటిగా ఉంచి, బరువు మాత్రమే మార్చి చూసే ప్రయోగం మీది. వడ్ల బరువులో పొట్టు వాటా సుమారు ఐదో వంతు. కాబట్టి పూర్తిగా తాలైన గింజ గట్టిగింజలో ఐదో వంతే తూగుతుంది. అడ్డంగా వీచే గాలి రెండింటినీ దాదాపు ఒకే బలంతో తోస్తుంది, ఎందుకంటే గాలికి కనిపించేది పొట్టే. తోపు ఒకటే, కదలాల్సిన బరువు ఐదో వంతు. అందుకే తాలు చటుక్కున పక్కకు కొట్టుకుపోతుంది. పైగా కిందికి దిగడం కూడా నెమ్మది కాబట్టి గాలి చేతిలో ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఇప్పుడు కోత మిషన్ లోపల ఫ్యాను చేసేదీ ఈ పనే.

బరువు ఐదింతలైతే నిలకడ వేగమూ ఐదింతలవుతుందా అని పాప అడగవచ్చు. అవదు. వేగం రెండింతలైతేనే తోపు నాలుగింతలవుతుందన్నాం కదా, దాన్ని తిరగేసి చూడండి. నాలుగింతల బరువుకు రెండింతల వేగం చాలు. ఐదింతల బరువుకు రెండింతల కంటే కాస్త ఎక్కువ. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. బేకరీలో కప్ కేకుల కింద పెట్టే పల్చటి ముడతల కాగితం గిన్నెలు ఐదు అడిగి తీసుకోండి. నాలుగింటిని ఒకదానిలో ఒకటి దూర్చి రెండు మీటర్ల ఎత్తు నుంచి, మిగిలిన ఒక్కదాన్ని ఒక మీటరు ఎత్తు నుంచి, అడుగు కిందికి ఉండేలా ఒకేసారి వదలండి. ఇంచుమించు కలిసే నేలకు చేరతాయి. నాలుగు గిన్నెల కట్ట రవ్వంత వెనకబడితే కంగారు పడొద్దు. బరువైనది తన నిలకడ వేగానికి చేరడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, ఆ ఆలస్యమే అది. ఇది చార్టు మీద రాసి పెడితే జడ్జీలు అడిగే సగం ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంటుంది. లైట్లు వెలిగే థర్మోకోల్ మోడల్ కంటే ఇదే నాకు నచ్చుతుంది.

పాప చేసిన కాగితాల ప్రయోగం దీనికి అచ్చంగా ఎదురు. అక్కడ బరువు ఒకటి, మారింది ఆకారం. ఏ4 కాగితం ఒకటి సుమారు ఐదు గ్రాములు. అది చదునుగా, వంగకుండా పడగలిగితే నిలకడ వేగం సెకనుకు ఒక మీటరు దగ్గర ఉంటుంది. అదే కాగితాన్ని రెండంగుళాల ఉండ చేస్తే ఆ వేగం ఎనిమిది, తొమ్మిది మీటర్లవుతుంది. ఒక్క గ్రాము కూడా కలపలేదు, తీయలేదు.

న్యూటన్ కాలంలో ఇలాంటిదే పెద్ద ఎత్తున చేశారు. 1710లో లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి గుమ్మటం లోపల 220 అడుగుల ఎత్తు నుంచి గాజు గోళాలు వదిలారు. కొన్ని పాదరసం నింపిన చిన్నవి, కొన్ని లోపల గాలి తప్ప ఏమీ లేని పెద్దవి. పాదరసం గోళాలు నాలుగు సెకన్లలో నేలకు చేరితే, బోలు గోళాలకు ఎనిమిది సెకన్లు దాటింది. ఇక్కడ బరువూ మారింది, సైజూ మారింది. అంటే మీ కళ్ళం, పాప మేడ రెండూ ఒకే చోట కలిశాయన్నమాట. చూడాల్సింది ఉత్త బరువు కాదు. గాలికి ఎదురయ్యే ఒక్కో చదరపు అంగుళం మీద ఎంత బరువు పడుతోందన్నది చూడాలి.

అది మాత్రమే చూసినా చాలదు, ఆకారం అని ఇంకొకటి ఉంది. మన వాళ్ళంతా పొరబడేది ఇక్కడే. గాలిని చీల్చుకుపోవాలంటే ముందు మొన చెక్కాలని అనుకుంటాం. మామూలు వేగాల్లో అసలు తేడా తెచ్చేది ముందు భాగం కంటే వెనక భాగం. పులుసులోకి తెచ్చిన చేపను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. తల వైపు లావుగా గుండ్రంగా ఉండి, తోక వైపుకు సన్నగా సాగిపోతుంది. నీళ్ళు తల దగ్గర విడిపోయి, ఒంటిని అంటిపెట్టుకుని జారి, తోక దగ్గర నెమ్మదిగా కలుసుకుంటాయి. అదే ఒక పలకను అడ్డంగా లాగితే దాని అంచుల దగ్గర ప్రవాహం తెగిపోయి వెనకాల సుడులు తిరుగుతుంది. ఆ సుడులున్న చోట ఒత్తిడి తక్కువ. ముందు నుంచి తోపు, వెనక నుంచి లాగుడు, రెండూ కలిసి పలకను ఆపుతాయి. గాలిలోనూ ఇంతే.

దీనికి ఇంజనీర్లు అంకెలు కట్టారు. అంకె పెద్దదైతే గాలి ఎక్కువగా ఆపుతుందని అర్థం. ఎదురు వైశాల్యం, వేగం ఒకటే అయినప్పుడు చదునైన గుండ్రటి పలక అంకె 1.1 దాకా ఉంటే, నున్నటి బంతిది సగం కంటే తక్కువ, 0.47. చేప ఆకారంలో వెనక్కి సాగదీసిన వస్తువుది 0.04 దగ్గర. అంటే పలకకూ చేపకూ పాతికింతల తేడా. ఇంకో తమాషా చూడండి. సగానికి కోసిన కొబ్బరి చిప్ప లాంటి బోలు కప్పు నోటిని గాలికి ఎదురు పెడితే అంకె 1.4 అవుతుంది, వీపును ఎదురు పెడితే 0.4కు పడిపోతుంది. కప్పు అదే, తిప్పి పెట్టడంలోనే మూడింతలు దాటిన తేడా. వాతావరణ కేంద్రాల్లో గాలి వేగం కొలవడానికి కప్పులు గిర్రున తిరిగే పరికరం ఉంటుంది కదా, అది తిరిగేది ఈ తేడా వల్లే. విమానం నుంచి దూకే మనిషి విషయంలోనూ చూడొచ్చు. పొట్ట కిందికి పెట్టి చేతులు కాళ్ళు చాపితే గంటకు సుమారు 200 కిలోమీటర్ల దగ్గర నిలకడ పడతాడు. తల కిందులుగా నిటారుగా వస్తే 250 దాటిపోతాడు. మనిషీ బరువూ మారలేదు.

ఇక గుడ్డు. పారాచూట్‌కు కావాల్సింది చేపకు కావాల్సిన దానికి సరిగ్గా వ్యతిరేకం. వీలైనంత గాలిని ఆపాలి, తనకు మాత్రం బరువుండకూడదు. పల్చటి గుండ్రటి ముక్కతో చేసిన పారాచూట్‌కు ఆ అంకె 0.8 దగ్గర వేసుకుంటే లెక్క చాలా తేలికవుతుంది. మొత్తం బరువును కిలోల్లో తీసుకోండి. పారాచూట్ వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకోండి. బరువును వైశాల్యంతో భాగించి, 20తో గుణించి, వర్గమూలం తీస్తే సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో దిగుతుందో వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ఇది కష్టమేమీ కాదు.

పాప చేసిన దానికే వేసి చూద్దాం. గుడ్డు, గ్లాసు, దారాలు, పాలిథిన్ అన్నీ కలిపి 80 గ్రాములనుకుందాం. అడుగు చదరం ముక్క వైశాల్యం 0.09 చదరపు మీటర్లు. లెక్క కడితే సెకనుకు 4.2 మీటర్లు వస్తుంది. పారాచూట్ లేకుండా గుడ్డును నడుము ఎత్తు నుంచి వదిలితే నేలకు తగిలే వేగం ఇదే. పగలకుండా ఎట్లా ఉంటుంది? పాప చేతిలో లోపం లేదు, ముక్క చిన్నది. అంతే.

వేగాన్ని సెకనుకు రెండు మీటర్లకు దించాలి. అప్పుడు గుడ్డు జానెడు ఎత్తు నుంచి పడ్డట్టు ఉంటుంది. ఆ మాత్రం దెబ్బను గ్లాసు అడుగు సొట్టపడి ఓర్చుకుంటుంది, గుడ్డు దాకా రానీయదు. వేగం సగం కావాలంటే వైశాల్యం నాలుగింతలు కావాలి. 72 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రటి ముక్క కోస్తే వైశాల్యం 0.41 చదరపు మీటర్లు వస్తుంది. పెద్ద సైజు చెత్త కవర్‌ను పక్కలు కోసి పరిస్తే ఆ ముక్క వస్తుంది. పల్చగా ఉన్నదే కొనండి. గట్టిగా ఉంటుంది కదా అని పాత చీర ముక్క వాడొద్దు. నూలు గుడ్డ ఈ సైజుకు 40 గ్రాములు కూడా తూగవచ్చు, పైగా నేత సందుల్లోంచి గాలి కారిపోతుంది.

సొంత బరువును మరిచిపోతే ఏమవుతుందో చెప్పే పాత విషాదం ఒకటుంది. 1837 జులై 24న లండన్‌లో రాబర్ట్ కాకింగ్ అనే ఆయన బెలూన్ నుంచి దూకాడు. ఆయన పారాచూట్ ఆకారం వేరు. తిరగబడిన గొడుగులా, మొన కిందికి, నోరు పైకి. అలా ఉంటే ఊగదని ఆయన నమ్మకం. ఊగని మాట నిజమే కానీ, ఆ ఆకారం గాలిని తక్కువగా ఆపుతుంది. పైగా పారాచూట్ ఒక్కటే వంద కిలోలు పైన ఉంది. ఆ బరువును సరిగా లెక్కలో వేసుకోలేదంటారు. గాలి ఒత్తిడికి అది మధ్యలోనే విరిగిపోయింది, ఆయన ప్రాణం పోయింది.

ఆయన అంత సాహసానికి ఎందుకు దిగాడంటే, దానికి కారణం మీ పాప పారాచూట్‌కు వచ్చిన జబ్బే. 1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆండ్రే గార్నెరిన్ గుడ్డ పారాచూట్‌తో బెలూన్ నుంచి దిగినప్పుడు అది విపరీతంగా ఊగింది. బతికి బయటపడ్డాడు కానీ కడుపులో తిప్పేసింది. ఎందుకు ఊగుతుందంటే, కింది నుంచి వచ్చిన గాలి లోపల నిండిపోయి బయటకు పోయే దారి వెతుకుతుంది. అంచు తప్ప దారి లేదు. ఒక పక్క అంచు నుంచి భళ్ళున జారిపోగానే పారాచూట్ అటు ఒరుగుతుంది. తర్వాత రెండో పక్క నుంచి. ఇలా ఊగుతూనే వస్తుంది. తర్వాతి కాలంలో దీనికి దొరికిన మందు చాలా చిన్నది. నడినెత్తిన ఒక రంధ్రం. గాలి ఆ దారిన కొంచెం కొంచెంగా, తిన్నగా పోతుంది. పాప 72 సెంటీమీటర్ల ముక్కకు సరిగ్గా మధ్యలో ఐదారు సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కోస్తే చాలు. అంత చిన్న రంధ్రంతో వేగం పెద్దగా పెరగదు. రంధ్రం అంచు చిరగకుండా చుట్టూ సెల్లోటేప్ వేయండి.

దారాల విషయంలో జానెడు సరిపోదు. దారం పొట్టిగా ఉంటే అంచులు లోపలికి లాక్కుపోయి పారాచూట్ పూర్తిగా విచ్చుకోదు. పారాచూట్ వ్యాసమెంతో దారమూ అంత ఉండాలి, అంటే 70, 75 సెంటీమీటర్లు. చదరానికి నాలుగు మూలలా కడితే మధ్య అంచులు రెపరెపలాడతాయి. గుండ్రటి దానికి సమానదూరంలో ఎనిమిది కట్టండి. కట్టేచోట టేపు అంటించి, దాని మీద పొడిస్తే చిరగదు. ఎనిమిదీ ఒకే పొడవుండాలి. ఒక్కటి రెండు వేళ్ళు తక్కువైనా పారాచూట్ అటు ఒరిగి, పక్కకు జారుతూ పోతుంది. నా అంచనాలో గుడ్లు పగిలేది ఎక్కువగా ఈ చివరి పొరపాటు వల్లే, సైజు వల్ల ఆ తర్వాత.

ఈ లెక్క గుడ్డుకేనా అని పాప అడిగితే శ్రీహరికోట సంగతి చెప్పండి. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, మన నోటికి ఇంకా నెల్లూరు శ్రీహరికోటే.) ఇస్రో మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగనయాన్‌లో వాళ్ళు తిరిగొచ్చే గది పారాచూట్లను పరీక్షించడానికి 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర వాయుసేన చినూక్ హెలికాప్టర్ నుంచి నమూనా గదిని వదిలారు. ఎత్తు మూడు కిలోమీటర్లు, బరువు సుమారు 4.8 టన్నులు. మొత్తం పది పారాచూట్లు ఒకదాని తర్వాత ఒకటి పని చేస్తాయి. చివర్లో విచ్చుకునే పెద్దవి మూడు, ఒక్కోటి 25 మీటర్ల వ్యాసం. మన లెక్కే కట్టండి. మూడింటి వైశాల్యం 1470 చదరపు మీటర్ల పైచిలుకు, బరువు 4800 కిలోలు. భాగించి, 20తో గుణించి, వర్గమూలం తీస్తే సెకనుకు ఎనిమిది మీటర్లు వస్తుంది. సముద్రంలో దిగేటప్పుడు ఇస్రో చెప్పే వేగమూ అంతే. పాప ఈ లెక్కను చార్టు మీద గుడ్డు లెక్క పక్కనే రాయాలి.

అంతరిక్షం నుంచి వచ్చే ఈ గదుల అడుగు మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది, మొనదేలి ఉండదు. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్ళి బంగాళాఖాతంలోకి తిరిగొచ్చిన ఎస్‌ఆర్‌ఈ-1 అనే 550 కిలోల ఇస్రో గది (మనుషులు లేనిది) కూడా మొద్దు మూతిదే. అంత వేగంలో మొద్దు మూతి ముందు గాలి గట్టిగా కుదించుకుపోయి ఒక పొరలా నిలుస్తుంది. వేడిలో ఎక్కువ భాగం గాలితోనే పక్కకు పోతుంది. పాపకు అప్పుడే ఇదంతా అక్కర్లేదు, మీ కోసం చెప్పాను.

ఇక వదలడం. మన వైపు మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది. అప్పుడు వదిలితే గుడ్డు మీ తాలుగింజ దారే పడుతుంది, గోడకు కొట్టుకున్నా ఆశ్చర్యం లేదు. పొద్దున ఏడు లోపు గాలి నిలిచి ఉన్నప్పుడు ప్రాక్టీస్ చేయించండి. కిందికి ఎవరూ రాకుండా మీరు నిలబడి చూసుకోండి. పారాచూట్‌ను దారాలతో చుట్టేయొద్దు. నెత్తిమీది రంధ్రం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, గ్లాసు తిన్నగా వేలాడేదాకా ఆగి, ఊపు ఇవ్వకుండా వదిలేయమనండి. పిట్టగోడకు తగలకుండా చెయ్యి బాగా బయటకు చాపాలి, కాబట్టి పాప కంటే ఎత్తున్నవాళ్ళు ఆమె నడుము పట్టుకోవాలి.

వేగం కొలవడానికి ఫోన్ చాలు. గోడ మీద సుద్దతో నేల నుంచి ఒక మీటరు దగ్గర ఒక గీత, రెండు మీటర్ల దగ్గర ఒక గీత గీసి, ఎదురుగా నిలబడి వీడియో తీయండి. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. గ్లాసు పై గీత నుంచి కింది గీతకు రావడానికి 15 ఫ్రేములు పడితే సెకనుకు రెండు మీటర్లని అర్థం. పది ఫ్రేముల్లోనే వచ్చేస్తే వేగం మూడు మీటర్లు, ముక్క ఇంకా పెంచాలి.

ఇంతవరకు కుదిరాకే గుడ్డు జోలికి వెళ్ళండి. అప్పటిదాకా దాదాపు 55 గ్రాములు తూగే బంగాళాదుంప ఒకటి ఏరి గ్లాసులో పెట్టి వదలమనండి. రోజుకు పదిసార్లు పడినా సాయంత్రం కూరకు పనికొస్తుంది.